ప్రశ్న అడిగిన శిష్యుడే గురువైన వేళ – జూడో పితామహుడు జిగోరో కనో జీవితం

ఆ మధ్య ఒకనాటి సాయంత్రం బడి గంట కొట్టిన తరువాత ఏడవ తరగతి బాలుడొకడు ఇంటికి పోకుండా నా బల్ల దగ్గర నిలబడ్డాడు. తాలూకా కేంద్రంలో వారానికి రెండు రోజులు కరాటే నేర్చుకొనుటకు పోతున్న పిల్లవాడు. జతపోరు పెట్టిన ప్రతిసారీ తనకన్నా పెద్దవాడొకడు తనను కింద పడవేస్తున్నాడని, ఎందుకు పడుతున్నానో తెలియడం లేదని, అడిగితే ఇంకా సాధన చేయమన్న మాట తప్ప వేరే జవాబు దొరకడం లేదని చెప్పుకొచ్చాడు. బలం లేనివాడు ఈ విద్య మానుకోవడమే మంచిదా అన్నది అతని చివరి ప్రశ్న.

నాకు కరాటే రాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే లెక్కల పాఠంలో ఎందుకు అని అడిగిన పిల్లలకు, చెప్పినట్టు చేయమని నేను కూడా ఎన్నోసార్లు బదులిచ్చాను. సరిగ్గా ఇదే ప్రశ్నను నూట నలభై ఏళ్ళకు పూర్వం జపాన్ దేశంలో ఒక బక్కపలచని విద్యార్థి తన గురువును అడిగాడు. అతనికీ జవాబు దొరకలేదు. ఆ జవాబు కోసం జీవితమంతా వెచ్చించి, చివరకు ఒక కొత్త విద్యనే లోకానికి అందించాడు. ఆయనే జూడో పితామహుడు జిగోరో కనో. ఆ బాలునికి చెప్పిన కథనే మన పాఠకులకూ చెబుతున్నాను.

బాల్యం – బలహీనత

జిగోరో కనో 1860వ సంవత్సరంలో నేటి కోబే నగరంలో భాగమైన మికాగే అనే సముద్రతీర గ్రామంలో జన్మించారు. బియ్యంతో చేసే సాకే మద్యం తయారీకి ఆ ప్రాంతం పెట్టింది పేరు. వారి వంశం కూడా ఆ వ్యాపారంలో పేరుగాంచినదే. తండ్రి జిరోసాకు మాత్రం ఓడల రవాణా వ్యవహారాలలో ఉండి, తరువాత కొత్త ప్రభుత్వంలో ఉద్యోగిగా చేరారు. కుమారునికి పదేళ్ళు నిండకముందే తల్లి కన్నుమూసింది. తల్లి లేని పిల్లవానిని తండ్రి టోక్యోకు రప్పించుకొని మంచి చదువు చెప్పించారు.

అది జపాన్ తలకిందులవుతున్న కాలం. 1868లో సైనిక ప్రభువుల పాలన అంతమై మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చింది. సమురాయ్‌ల కత్తులు మూలపడ్డాయి. పాశ్చాత్య విద్యకు గౌరవం పెరిగింది. బాలుడైన కనోను వేసిన ఆవాస పాఠశాలలో విదేశీ ఉపాధ్యాయులు ఇంగ్లీషు, జర్మన్ భాషలలో పాఠాలు చెప్పేవారు. ఇంట ఒక భాష, బడిలో మరొక భాషగా చదువుకొనే మన సరిహద్దు పల్లెల పిల్లలకు ఆ కష్టం ఎటువంటిదో వివరించనక్కరలేదు. అయితే కనోకు చదువు కష్టం కాలేదు. తోటివారే కష్టమయ్యారు. పెరిగి పెద్దవాడైన తరువాత కూడా ఆయన ఎత్తు ఐదడుగుల రెండంగుళాలకు మించలేదు. చదువులో ముందుండే ఆ చిన్న పిల్లవానిని బలిష్ఠులైన సహపాఠులు తరచు కొట్టి ఏడిపించేవారు.

చిన్నవాడు పెద్దవానిని ఓడించగల విద్య ఒకటున్నదని, దాని పేరు జుజుత్సు అని కనో విన్నాడు. నేర్పమని తండ్రికి పరిచయమున్న ఒక మాజీ సైనికుని వేడుకున్నాడు. ఆయన నేర్పలేదు. మరి ఇద్దరిని అడిగినా ఫలితం శూన్యం. కాలం చెల్లిన విద్య ఎందుకని తండ్రి కూడా నిరుత్సాహపరిచారు. ఆ రోజులలో జుజుత్సు గురువులకు ఆదరణ లేక, విరిగిన ఎముకలు కట్టి పొట్ట పోసుకొనే స్థితి ఏర్పడింది. 1877లో టోక్యో విశ్వవిద్యాలయంలో చేరిన కనో ఆ గుర్తునే పట్టుకున్నాడు. ఎముకలు కట్టే వైద్యుల ఇండ్లు వెతుక్కుంటూ పోయి, జుజుత్సు తెలిసినవారెవరని విచారించాడు. ఆ విధంగా హచినోసుకే ఫుకుదా అనే గురువు దొరికారు.

మొదటి గురువు – మొదటి ప్రశ్న

ఫుకుదా సాధనశాల చిన్న గది. శిష్యులు కొద్దిమంది. ఒకనాడు గురువు కనోను ఒక పట్టుతో ఎత్తి పడవేశారు. లేచి నిలబడిన కనో, చేయి ఎక్కడ ఉంచాలి, కాలు ఎలా కదపాలి అని వినయంగా అడిగాడు. గురువు జవాబు చెప్పలేదు. దగ్గరకు రమ్మని మళ్ళీ పడవేశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడవేశారు. చివరకు, ఈ విద్య మాటలతో వచ్చేది కాదని, వందలసార్లు పడి లేస్తే అదే తెలుస్తుందని తేల్చారు.

ఆ గురువు దుర్మార్గుడు కాడు. తాను నేర్చుకున్న పద్ధతే శిష్యునికీ నేర్పారు. కనో కూడా ఆయనను జీవితాంతం గౌరవంతోనే తలచుకున్నాడు. పడమన్నన్నిసార్లు పడ్డాడు. ఒళ్ళంతా దెబ్బలు, వాటి మీద పట్టీలు. ఘాటైన ఆ మందు వాసనకు విశ్వవిద్యాలయంలో తోటి విద్యార్థులు ముక్కులు మూసుకొని నవ్వేవారు. అయినా ఒక్కరోజు మానలేదు. ఇంత చేస్తూనే తన ప్రశ్నను మాత్రం వదలలేదు. ప్రతిరోజూ నేర్చుకున్నది పుస్తకంలో వ్రాసుకొనేవాడు. ఆ వ్రాతలు ఇంగ్లీషులో సాగడం ఒక విశేషం.

ఆ శాలలో ఫుకుషిమా అనే భారీకాయుడైన సీనియర్ ఉండేవాడు. జతపోరులో ఎంత ప్రయత్నించినా కనో అతనిని కదపలేకపోయేవాడు. మన బడి బాలుని సమస్య సరిగ్గా ఇదే. కనో ఏమి చేశాడన్నది గమనింపదగిన విషయం. మొదట సుమో తెలిసిన మల్లుని దగ్గరకు వెళ్ళి కొన్ని ఎత్తులు నేర్చాడు. అవి ఫుకుషిమా దగ్గర పారలేదు. అప్పుడు గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్య మల్లయుద్ధం మీద వచ్చిన పుస్తకాలు తిరగవేశాడు. ఎదుటివాని కిందికి దూరి, అతనిని భుజాల మీద అడ్డంగా ఎత్తుకొని పడవేసే పట్టు అందులో కనిపించింది. పొలంలో ధాన్యపు మూటను భుజాన వేసుకొనే తీరు మనకు తెలిసినదే. దాదాపు అటువంటిదే అది. మిత్రునితో రహస్యంగా దానిని సాధన చేసి, ఒకనాడు ఫుకుషిమా మీద ప్రయోగించాడు. కొండవంటి మనిషి నేలకూలాడు. కతా గురుమా, అనగా భుజచక్రం, అన్న పేరుతో ఆ పట్టు నేటికీ జూడోలో ఉన్నది.

తాను ఓడుతున్నానని తెలిసినప్పుడు కనో ఒంటి బలాన్ని నిందించుకోలేదు. ఎవరిని అడగాలి, ఎక్కడ వెతకాలి అని ఆలోచించాడు. గురువు చెప్పకపోతే ఇంకొకరిని, మనిషి దొరకకపోతే పుస్తకాన్ని ఆశ్రయించాడు.

1879 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ జపాన్ వచ్చినప్పుడు ఆయన ముందు జరిగిన జుజుత్సు ప్రదర్శనలో గురువు ఫుకుదాతో పాటు కనో కూడా పాల్గొన్నాడు. అదే నెలలో ఫుకుదా మరణించారు. గురువు గారి కుటుంబం ఆయన గ్రంథాలను కనోకు అప్పగించింది. పద్దెనిమిదేళ్ళకే ఆ శాల బాధ్యత అతని మీద పడింది. తన విద్య ఇంకా అసంపూర్ణమని భావించి మసతోమో ఇసో అనే వృద్ధ గురువును ఆశ్రయించాడు. ఆయన కూడా 1881లో గతించగా, కితో సంప్రదాయానికి చెందిన సునెతోషి ఈకుబో వద్ద చేరాడు.

తూకం తప్పించడంలో ఉన్న రహస్యం

ఈకుబోకు అప్పటికే యాభై ఏళ్ళు దాటినా జతపోరులో కనోను అలవోకగా పడవేసేవారు. ఏళ్ళ తరబడి పడుతూ, ప్రతి పాటునూ పరిశీలిస్తూ వచ్చిన కనోకు ఒకనాడు కీలకం దొరికింది. నిలకడగా నిలబడినవానిని పడవేయడం కష్టం. నెడితే ఎదురు నెడతాడు, లాగితే వెనుకకు లాగుతాడు. అలా అతడు ఒరిగిన క్షణంలో అతని తూకం తప్పుతుంది. పడవేయవలసినది ఆ క్షణంలోనే. ముందు తూకం తప్పించు, తరువాత పట్టు వేయి. జూడోలో దీనికి కుజుషి అని పేరు.

ఈ సూత్రంతో సాధన చేయగా ఒకనాడు గురువు ఎన్ని పట్లు పట్టినా కనో పడలేదు. కనో వేసిన పట్లకు గురువే పడసాగారు. ఆశ్చర్యపడిన ఈకుబో కారణమడిగి తెలుసుకొని, ఇక నీకు నేను నేర్పవలసినది లేదని, ఇకపై మన మధ్య జతపోరు అవసరం లేదని చెప్పి తన శాఖ రహస్య గ్రంథాలను అప్పగించారు. శిష్యుని చేతిలో ఓడి సంతోషించిన ఆ గురువు మనసు కూడా తక్కువది కాదు.

కనో తరువాతి కాలంలో ఈ సూత్రాన్ని లెక్కతో బోధించేవారు. ఎదుటివాని బలం పది, నా బలం ఏడు అనుకుందాం. అతడు నెట్టినప్పుడు నేను ఎదురొడ్డితే ఓటమి తప్పదు. అతని బలమెంతో అంత మేరకే నేను వెనుకకు తగ్గితే అతడు ముందుకు తూలుతాడు. తూలిన స్థితిలో అతనికి మిగిలే బలం మూడే. నా ఏడు నాకు భద్రంగా ఉన్నది. అప్పుడు అందులో సగం బలం చాలు.

ఆలయంలో మొదలైన విద్యాలయం

1882లో, ఇరవై రెండేళ్ళు కూడా నిండని వయసులో, టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో కనో తన శాలను ప్రారంభించారు. పేరు కొదోకాన్, అనగా మార్గాన్ని అభ్యసించే మందిరం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గడ్డిచాపలు పన్నెండు పట్టే చోటు. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిదిమందే. పట్లు వేసిన ప్రతిసారీ నేల అదిరి, పూజామందిరంలోని పితృదేవతల ఫలకాలు పడిపోయేవట. అర్చకులు మొరపెట్టుకోగా, కనో శిష్యులతో కలసి రాత్రివేళ లాంతరు పట్టుకొని నేల కింద దూరి, విరిగిన దూలాలను తామే సరిచేసేవారు.

అదే ఏడాది ఆయన గకుషుయిన్ అనే ప్రముఖ పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. పగలు పాఠాలు, సాయంత్రం సాధన, రాత్రి అనువాదపు పని. అనువాదం వల్ల వచ్చిన సొమ్ముతో శాలను నడిపేవారు. తొలి రోజులలో శిష్యుల వద్ద రుసుము తీసుకోలేదు.

తన విద్యకు జుజుత్సు అన్న పాత పేరును కాక జూడో అన్న పేరును ఆయన ఎన్నుకున్నారు. జుత్సు అనగా నేర్పు, డో అనగా మార్గం. ఎదుటివానిని పడవేసే నేర్పు చిన్న విషయమని, దాని ద్వారా మనిషిని తీర్చిదిద్దే మార్గమే ప్రధానమని ఆయన భావన. ఇందుకోసం చేసిన మార్పులు ఉపాధ్యాయులమైన మేము ప్రత్యేకంగా గమనింపదగినవి.

మొదటిది, పడవేయడం కన్నా ముందు పడడం నేర్పారు. దెబ్బ తగలకుండా, చేతితో నేలను చరుస్తూ, మెడను కాపాడుకుంటూ పడే పద్ధతి తెలిసినవానికి పడతానన్న భయం పోతుంది. భయం పోయినవాడే నేర్చుకోగలడు.

రెండవది, ప్రాణాపాయం కలిగించే దెబ్బలను జతపోరు నుండి తొలగించి, ముందుగా నిర్ణయించిన కదలికల రూపంలో మాత్రమే ఉంచారు. స్వేచ్ఛగా సాగే జతపోరుకు రాందోరి అని, నిర్ణీత రూపానికి కతా అని పేర్లు. ఈ రెండింటినీ ఆయన భాషతో పోల్చేవారు. కతా వ్యాకరణం వంటిది, రాందోరి సొంతంగా వ్యాసం వ్రాయడం వంటిది. వ్యాకరణం ఒక్కటే వల్లించినవాడు వ్యాసం వ్రాయలేడు, వ్యాకరణం రానివాని వ్యాసం నిలబడదు.

మూడవది నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తుంది. శిక్షణలో ఈ రెండింటితో పాటు ఉపన్యాసాన్ని, ప్రశ్నోత్తరాలను కూడా భాగం చేశారు. ఎందుకు పడ్డానని శిష్యుడు అడిగితే గురువు వివరించవలసిందే. ఆనాడు ఫుకుదా శాలలో జవాబు దొరకని విద్యార్థి, తాను గురువైన తరువాత ప్రశ్నకు పీట వేశాడు.

బల్లమీది ఆటగాళ్ళకు ఉండే శ్రేణుల పద్ధతిని తెచ్చి డాన్ అనే అంతస్తులను ఏర్పరచినదీ ఆయనే. 1883లో సునెజిరో తొమితా, షిరో సైగో అనే శిష్యులకు తొలి డాన్ లభించింది. సైగో కూడా గురువు వలె పొట్టివాడే. 1880ల మధ్యకాలంలో టోక్యో పోలీసు శాఖ ఏర్పాటు చేసిన పోటీలలో కొదోకాన్ శిష్యులు పాత జుజుత్సు శాఖలవారిని మించి నిలిచారు. అప్పటినుండి జూడో పేరు దేశమంతటా ప్రాకింది.

ఉపాధ్యాయుల గురువు

కనోను జూడో గురువుగానే లోకం ఎరుగును. కాని ఆయన వృత్తి విద్యాబోధన. 1889లో ఐరోపా వెళ్ళి అక్కడి విద్యావిధానాలను పరిశీలించారు. తిరిగి వచ్చిన పిదప 1891లో కుమామోతోలోని ఉన్నత పాఠశాలకు అధిపతి అయ్యారు. ప్రసిద్ధ రచయిత లఫ్కాడియో హెర్న్ అక్కడ ఆయన కింద ఇంగ్లీషు బోధించారు. జుజుత్సును గురించి హెర్న్ వ్రాసిన వ్యాసం పాశ్చాత్య పాఠకులకు ఆ విద్యను పరిచయం చేసింది. 1893 నుండి టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు కనో అధిపతిగా ఉన్నారు. మధ్యలో విరామాలున్నా 1920 వరకు ఆ పదవి ఆయనదే. నేటి త్సుకుబా విశ్వవిద్యాలయానికి అదే మూలం.

1896లో చైనా నుండి వచ్చిన పదముగ్గురు విద్యార్థుల చదువు బాధ్యతను ఆయన స్వీకరించారు. తరువాత వారి కోసం ప్రత్యేకంగా పాఠశాల స్థాపించగా వేలాదిమంది చైనా యువకులు అందులో చదివారు. ఆధునిక చైనా సాహిత్యంలో అగ్రగణ్యుడైన లూ షున్ వారిలో ఒకరు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో ఆసియా ఖండం నుండి తొలి సభ్యులయ్యారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు ఇద్దరే క్రీడాకారులతో జపాన్ తొలి జట్టును తీసుకువెళ్ళారు. ఆ ఇద్దరిలో పరుగు వీరుడు కనకురి ఎండదెబ్బకు సొమ్మసిల్లి మారథాన్ పూర్తి చేయలేకపోయాడు. పడడం నేర్పిన గురువుకు ఓటమి కొత్త కాదు. ఎనిమిదేళ్ళ తరువాత 1920 ఒలింపిక్స్‌లో అదే కనకురి మళ్ళీ పరుగెత్తి మారథాన్ పూర్తి చేశాడు.

భారతదేశంతోనూ ఈ కథకు బంధమున్నది. విశ్వకవి రవీంద్రుని ఆహ్వానంపై 1929లో కొదోకాన్‌కు చెందిన షింజో తకగాకి శాంతినికేతన్ వచ్చి జూడో నేర్పారు. అక్కడ బాలికలు కూడా ఆ విద్యను అభ్యసించారు.

రెండు సూత్రాలు

వయసు పెరిగినకొద్దీ కనో తన విద్య సారాన్ని రెండు సూత్రాలుగా కుదించారు. మొదటిది, ఉన్న శక్తిని అత్యుత్తమంగా వినియోగించడం. రెండవది, తానూ ఎదుటివాడూ కలసి బాగుపడడం. మొదటి సూత్రం జతపోరులోనే కాక చదువులో, సేద్యంలో, సంసారంలో కూడా వర్తిస్తుందని ఆయన ఉపన్యాసాలలో వివరించేవారు. రెండవ సూత్రం జతపోరు నుండే పుట్టింది. ఎదురుగా ఒకడు నిలబడి తన శరీరాన్ని అప్పగిస్తేనే కదా మనకు సాధన! అతనికి గాయమైతే రేపు మనకు సాధన లేదు. అందుకే మొదటా చివరా ఒకరికొకరు తలవంచి నమస్కరిస్తారు.

గెలుపు మీద వ్యామోహంతో శిష్యులు ఒళ్ళు బిగబట్టి, వంగి, కేవలం బలంతో పెనుగులాడడం చూసి ఆయన చివరి రోజులలో బాధపడేవారు. పడతామన్న భయంతో బిగుసుకుపోయినవాడు ఓడకపోవచ్చు గాని నేర్చుకోలేడని ఆయన అభిప్రాయం.

స్త్రీలకూ ఆయన ద్వారం తెరిచారు. 1926లో కొదోకాన్‌లో మహిళా విభాగం ఏర్పడింది. తన మొదటి గురువు ఫుకుదా మనుమరాలు కెయికోను ఆయనే స్వయంగా ఆహ్వానించగా, ఆమె 1935లో చేరింది. స్త్రీ అన్న కారణంగా ఏళ్ళ తరబడి ఐదవ డాన్ వద్దనే నిలిపివేసినా ఆమె విద్యను వదలలేదు. 2011లో అమెరికా జూడో సంస్థ ఆమెకు పదవ డాన్ ప్రకటించింది. 2013లో తొంభై తొమ్మిదేళ్ళ వయసులో మరణించేవరకు బోధన సాగించింది. తాత వద్ద కనో తీసుకున్న రుణం మనుమరాలి ద్వారా ఆ విధంగా తీరిందనవచ్చు.

చివరి ప్రయాణం

1940 ఒలింపిక్స్‌ను టోక్యోలో జరిపించాలని కనో ఎంతో శ్రమించారు. అప్పటికే చైనాతో యుద్ధం మొదలై దేశం మీద నమ్మకం సన్నగిల్లిన తరుణం. 1938లో కైరోలో జరిగిన ఒలింపిక్ సంఘ సమావేశానికి డెబ్బై ఏడేళ్ళ వయసులో వెళ్ళి తన వాదన నెగ్గించుకున్నారు. తిరుగు ప్రయాణంలో హికావా మారు అనే ఓడలో న్యుమోనియా సోకి, స్వదేశపు తీరం చేరకముందే మే 4వ తేదీన కన్నుమూశారు. మూడు నెలలు తిరగకముందే, జూలైలో, జపాన్ ఆ క్రీడలను వదులుకున్నది. ఏ చైనా యువకులకు ఆయన చదువు చెప్పించారో ఆ దేశంతోనే తన దేశం పోరాడుతుండగా ఆయన వెళ్ళిపోయారు. కలసి బాగుపడడమన్న సూత్రాన్ని పాలకులు వినిపించుకోలేదు.

1964లో ఒలింపిక్స్ టోక్యోకు వచ్చినప్పుడు జూడోకు తొలిసారి స్థానం లభించింది. అన్ని బరువులవారికీ కలిపి పెట్టిన పోటీలో స్వర్ణపతకం జపాన్‌కు దక్కలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ హీసింక్ గెలిచాడు. సొంత గడ్డ మీద ఆ ఓటమికి జపాన్ ప్రజలు కంటతడి పెట్టారు. కాని విద్య లోకమంతటికీ అందిందనుటకు అంతకన్నా వేరే సాక్ష్యమేమి కావాలి?

ఈ కథను మా బడి బాలునికి నాలుగు సాయంత్రాలు చెప్పాను. అతడు కరాటే మానలేదు. ఇప్పటికీ జతపోరులో పెద్దవాని చేతిలో పడుతూనే ఉన్నాడు. అయితే ఒక నోటుపుస్తకం పెట్టాడు. ఏ కాలు ముందున్నప్పుడు పడ్డాడో, ఎటు ఒరిగినప్పుడు పడ్డాడో అందులో వ్రాసుకుంటున్నాడు. ఆట ముగిసిన తరువాత ఆ పెద్ద పిల్లవానినే అడిగితే అతడు సంతోషంగా చూపిస్తున్నాడట.

ఇక నా సంగతి. లెక్కల పాఠంలో ఎందుకని ఎవరైనా చేయి ఎత్తితే సుద్దముక్క కింద పెట్టి ముందు ఆ ప్రశ్న వింటున్నాను. జవాబు తెలియనప్పుడు తెలియదని ఒప్పుకొని, రేపు కలసి వెతుకుదామని చెబుతున్నాను. మన ఇండ్లలోని పిల్లలు సాముగరిడీకి పోయినా, కరాటేకు పోయినా, పలకా బలపం పట్టినా, వారు అడిగే ప్రశ్నను కసరి పంపకుండా ఉండడం పెద్దలమైన మన వంతు.